మారు మాట అడగని లస్కరు

పిల్లలూ! శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. వెళ్ళనివారు నరసరావుపేట బంధువుల నోట వినైనా ఉంటారు. చీకటి పడేసరికి, చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు కట్టుకొచ్చిన ఎత్తయిన ప్రభలు రంగురంగుల విద్యుద్దీపాలతో వెలిగిపోతూ కొండ కింద బారులు తీరి నిలబడతాయి. అది చూడగానే మీరేం చేస్తారు? నాన్నగారి చేతిలోని ఫోను తీసుకొని వీడియో పట్టడం మొదలుపెడతారు. అవునా?

ఇప్పుడు మనం ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోనులో బొమ్మ అంతా చుక్కలతో ఏర్పడుతుంది. సాధారణమైన వీడియోలో ఒక బొమ్మకు అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. ఈ రెండూ గుణిస్తే 20,73,600 చుక్కలు. అటువంటి బొమ్మలు సెకనుకు 30 కావాలి. అంటే ఒక్క సెకనులో 6,22,08,000 చుక్కల సమాచారం కెమెరా దగ్గరనుంచి ఫోను మెమొరీలోకి చేరాలి. మీరు ఒకసారి కన్ను ఆర్పి తెరిచేలోగా ఎన్నో లక్షల చుక్కలు వెళ్ళిపోతాయన్నమాట.

ఇన్ని చుక్కలను మోసేది ఎవరు? ఫోనులో లెక్కలు చేసే యంత్రభాగాన్ని ప్రాసెసరు అంటారు. అదే మోస్తుందని మీరు అనుకోవచ్చు. కాని ఆ సమయంలో ప్రాసెసరుకు వేరే పనులు బోలెడు ఉన్నాయి. తెర మీద బొమ్మ చూపించాలి. డప్పుల చప్పుడు రికార్డు చెయ్యాలి. ఈ సందడిలో అమ్మ ఫోను చేస్తే అదీ చెప్పాలి. ఇన్ని పనులున్నవాడు ఒక్కొక్క చుక్కనూ చేత్తో పట్టుకొని మెమొరీలో పెడుతూ కూర్చుంటే ఏ పనీ సాగదు.

అందుచేత మోతపని చెయ్యడానికి వేరే ఒక నౌకరు ఉన్నది. దాని పేరు డీఎంఏ కంట్రోలరు. "డైరెక్ట్ మెమొరీ యాక్సెస్" అనే ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలు డీఎంఏ. ప్రాసెసరు చేతిమీదుగా పోకుండా సమాచారం నేరుగా మెమొరీలోకి చేరడమే దీని అర్థం. ఈ నౌకరు ఎట్లా పని చేస్తుంది, దానిచేత పని చేయించేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలి అన్నదే ఈ నెల మన కథ.

మోట, కాలువ

ఇది తేలికగా బోధపడాలంటే డెబ్భై ఐదేళ్ళు దాటిన తాతగారి దగ్గరికి వెళ్ళి, "తాతయ్యా, సాగర్ కాలువ రాకముందు చేలకు నీళ్ళు ఎట్లా పెట్టేవారు?" అని అడగండి. పల్నాడు వానకోసం ఆకాశం వంక చూసే మెట్టసీమ. బావి ఉన్న రైతు మోట తోలేవాడు. ఎద్దులు వాలు మీదుగా కిందికి దిగితే తోలు బాన బావిలోనుంచి పైకి వచ్చేది. నీళ్ళు కుమ్మరించాక ఎద్దులు మళ్ళీ వెనక్కి ఎక్కేవి. బాన తరువాత బాన, పొద్దుపొడుపు నుంచి ఎండ ముదిరేదాకా అదే పని. మోట తోలుతున్నంత సేపూ ఆ రైతు కలుపు తీయలేడు, గొర్రు పట్టలేడు, సంతకు పోలేడు. అతడు మోటకు కట్టుబడి ఉండేవాడు.

తరువాత నాగార్జునసాగర్ వచ్చింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. పల్నాడుకు నీళ్ళు తెచ్చే కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. దాని పొడవు 203 కిలోమీటర్లు. దానినుంచి మేజర్లు, మేజర్లనుంచి మైనర్లు చీలి చేలలోకి పోతాయి.

కాలువ గట్టున లస్కరు అనే ఉద్యోగి ఉంటాడు. ఫలానా తూము తలుపు ఇంత ఎత్తు ఎత్తాలి, ఇన్ని రోజులు ఉంచాలి అని ఆఫీసునుంచి అతనికి ఉత్తరువు వస్తుంది. అతడు తలుపు ఎత్తుతాడు. నీళ్ళు వాటంతట అవే పారుతూ ఉంటాయి. రైతు ఆ వేళకు విత్తనాలు కొనడానికి మాచర్లకు పోయి రావచ్చు.

మరి ఉత్తరువులో తూము నంబరు తప్పు పడితే? వరిమడికి పోవలసిన నీళ్ళు పక్కనున్న మిరపతోటలోకి పోతాయి. మిరపమొక్క వేళ్ళ దగ్గర నీరు నిలబడితే ఓర్చుకోలేదు. ఆ ఏటి కష్టమంతా కుళ్ళిపోతుంది. లస్కరు మనిషి కాబట్టి, "అయ్యా, ఆ తూము కింద ఉన్నది మిరపతోట గదా!" అని ఒకసారి అడుగుతాడు. కాని మన యంత్రపు లస్కరు, అదే డీఎంఏ కంట్రోలరు, మారు మాట అడగదు. చీటీలో ఏమి రాసి ఉంటే అదే చేస్తుంది. ఈ ఒక్క సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. తక్కినదంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

లస్కరు పుట్టుక

మొదటి రోజుల కంప్యూటర్లు చాలావరకు మోట తోలే రైతులే. బయటినుంచి వచ్చే ప్రతి అంకెనూ ప్రాసెసరే అందుకొని లోపల పెట్టేది. 1958లో వాడకానికి వచ్చిన ఐబీఎం 709 అనే పెద్ద కంప్యూటరులో ఈ మోతపనికి వేరే యంత్రభాగాన్ని అమర్చారు. ఒక పక్క సమాచారం వచ్చి మెమొరీలో చేరుతూ ఉంటే, ఇంకో పక్క ప్రాసెసరు తన లెక్కలు తాను చేసుకొనేది.

బల్ల మీద పట్టే కంప్యూటర్లకూ ఈ లస్కరు వచ్చింది. 1981లో ఐబీఎం పీసీ బయటికి వచ్చింది. అందులో ఇంటెల్ కంపెనీవారి 8237 అనే డీఎంఏ చిప్పు ఉండేది. ఆ కంప్యూటరు సమాచారాన్ని ఫ్లాపీ అనే పలచని అయస్కాంతపు బిళ్ళ మీద దాచేది. బిళ్ళ గిర్రున తిరుగుతూ ఉంటే 32 మైక్రోసెకన్లకు ఒక బైటు చొప్పున వచ్చిపడేది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు. బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేటంత సమాచారం. అంటే సెకనుకు 31,250 బైట్లు. తిరిగే బిళ్ళ ఎవరికోసమూ ఆగదు. అందుకోవడం ఆలస్యమయితే ఆ బైటు పోయినట్లే. అందుకే ఆ పనిని లస్కరుకు అప్పగించారు.

8237 చిప్పుకు నాలుగు దారులు ఉన్నాయి. వాటిని నాలుగు తూములనుకోండి. వాటి నంబర్లు 0, 1, 2, 3. ఐబీఎం పీసీలో ఫ్లాపీకి 2వ తూము ఇచ్చారు. 0వ తూము పని ఇంకా విచిత్రమైనది. ఆ రకం మెమొరీలో ఉన్నది మాటిమాటికీ వల్లె వేయించకపోతే చెరిగిపోతుంది. ఎక్కాలు మరిచిపోకుండా మీ మాస్టారు మీచేత వల్లె వేయించినట్టు, మెమొరీచేత వల్లె వేయించే పని 0వ తూముది. 1984లో వచ్చిన పీసీ ఏటీ అనే కంప్యూటరులో ఇటువంటి చిప్పులు రెండు పెట్టారు. తూములు ఎనిమిది అయ్యాయి. కాని రెండు చిప్పులనూ కలపడానికి 4వ తూము ఖర్చయిపోయింది. కనుక పనికి మిగిలినవి ఏడు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు. మెమొరీకి పోయే దారి ఒక్కటే గదా, లస్కరూ ప్రాసెసరూ ఒకరినొకరు గుద్దుకోరా? గుద్దుకోరు. లస్కరు ముందు "దారి ఇవ్వు" అని అడుగుతుంది. ప్రాసెసరు ఒక్క క్షణం పక్కకు తప్పుకొంటుంది. లస్కరు ఒక బైటు దించి దారి వదిలేస్తుంది. దీనిని కంప్యూటరు వాళ్ళు "సైకిల్ స్టీలింగ్" అంటారు, అంటే గడియారపు టిక్కును దొంగిలించడమని. అడిగి తీసుకొనేదాన్ని దొంగతనమనడం అన్యాయమే గాని, పేరు అట్లా స్థిరపడిపోయింది.

చీటీ రాసేది ఎవరు?

వేరుశనగకాయకు పైన పెంకు, లోపల పప్పు ఉంటాయి గదా. కంప్యూటరును నడిపించే ప్రోగ్రాములలో అన్నిటికంటే లోపల ఉండేదాన్ని కెర్నల్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు పప్పు అనే అర్థం. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అటువంటి కెర్నలే. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది అదే.

లస్కరుకు చీటీ రాసే అధికారం కెర్నల్‌కే ఉన్నది. ఆటల ప్రోగ్రాము, పాటల ప్రోగ్రాము తమకు తోచినట్టు రాయడానికి వీలులేదు. ఎవరు పడితే వారు తూములెత్తితే కాలువ ఏమవుతుందో మీకు తెలుసు గదా!

8237 చిప్పుకు కెర్నల్ చీటీ ఎట్లా రాస్తుందో చూడండి.

మొదట, కావలసిన తూము ఖాళీగా ఉన్నదో లేదో చూసి తన పేరు నమోదు చేసుకోవాలి. లినక్స్‌లో "ప్రాక్" అనే అరలో "డీఎంఏ" అనే పట్టిక ఉంటుంది. ఏ తూము ఎవరి చేతిలో ఉన్నదో అది చెపుతుంది. ఈనాటికీ అనేక కంప్యూటర్లలో ఆ పట్టిక తెరిస్తే "4: కాస్కేడ్" అని ఒకే ఒక్క వరుస కనిపిస్తుంది. అది 1984లో రెండు చిప్పులను కలిపిన ఆ 4వ తూమే!

రెండవది, చీటీ రాయడం పూర్తయ్యేదాకా తూము మూసి ఉంచాలి. మూడవది, ప్రవాహం ఎటో రాయాలి: బిళ్ళనుంచి మెమొరీకా, మెమొరీనుంచి బిళ్ళకా? ఇది తారుమారయితే పని చెడిపోతుంది. నాలుగవది, మెమొరీలో ఏ గడినుంచి నింపాలో రాయాలి. అయిదవది, ఎన్ని బైట్లో రాయాలి.

ఈ అయిదవదానిలో ఒక చమత్కారం ఉన్నది. 512 బైట్లు కావలిస్తే 511 అని రాయాలి! ఎందుకంటే ఈ చిప్పు 511, 510, 509 అని దిగుతూ వచ్చి 0 కూడా లెక్కపెట్టాకనే ఆగుతుంది. 511 నుంచి 0 దాకా లెక్కించండి, సరిగ్గా 512 వస్తాయి. పొరపాటున 512 అని రాస్తే ఒక గడి అదనంగా ఇచ్చినట్టే. ఆ పక్క గడిలో ఉన్నది చెరిగిపోవచ్చు.

అన్నీ రాశాక తూము తెరిచి, "ఇక మొదలుపెట్టు" అని ఫ్లాపీకి చెప్పాలి. పని ముగిసిన తరువాత ప్రాసెసరుకు ఒక గంట మోగుతుంది. దానిని ఇంటరప్ట్ అంటారు. అంతదాకా ప్రాసెసరు తన పని తాను చూసుకోవచ్చు.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ఈ చిప్పు ఒక పెద్ద అంకెను ఒక్కసారిగా మింగలేదు. రెండు ముక్కలుగా ఇవ్వాలి: ముందు చిన్న స్థానాల ముక్క, తరువాత పెద్ద స్థానాల ముక్క. ఇప్పుడు వచ్చేది ఏ ముక్కో చిప్పు లోపల ఒక చిన్న మీట గుర్తు పెట్టుకొంటుంది. అంతకుముందు ఎవరైనా ఒక ముక్క ఇచ్చి మధ్యలో వదిలేసి ఉంటే, మన మొదటి ముక్కను అది రెండవదనుకొంటుంది. 1234 అని రాయబోతే 3412 అవుతుందన్నమాట. అందుకని కెర్నల్ ముందు ఆ మీటను మొదటి స్థితికి తెస్తుంది. తాను రాస్తున్నంత సేపూ ఇంకెవరూ కలం పట్టకుండా తాళం వేసుకొంటుంది.

రెండవ ప్రమాదం చూడాలంటే వామనగుంటల పీట తెచ్చుకోండి. ఏడేసి గుంటలతో రెండు వరుసలు ఉంటాయి గదా. మొదటి వరుస గుంటలకు 0 నుంచి 6 దాకా నంబర్లు అనుకోండి. రెండవ వరుసకూ 0 నుంచి 6 దాకానే. ఇప్పుడు తమ్ముడితో, "మొదటి వరుసలో 5వ గుంట మొదలుకొని నాలుగు గుంటలలో పిక్కలు పొయ్యి" అని చెప్పండి. వాడు 5, 6 నింపి, తరువాత రెండవ వరుసలోకి దాటాలి. కాని వాడికి వరుస మార్చడం తెలియదనుకోండి. అదే వరుసలో మళ్ళీ 0, 1 గుంటలకు పోతాడు. అక్కడ మీరు దాచుకొన్న పిక్కలు పాడవుతాయి.

8237 సరిగ్గా అటువంటి తమ్ముడే. దాని వరుసకు 65,536 గడులు. వరుస నంబరు వేరే చోట రాసి ఉంటుంది, దాన్ని మార్చడం దానికి చేతకాదు. వరుస చివర దాటవలసి వస్తే అదే వరుస మొదటికి తిరిగి వస్తుంది. అక్కడ ఎవరి పరీక్ష మార్కులు ఉన్నా, ఎవరి జమాఖర్చులు ఉన్నా వాటిమీదనే పోసేస్తుంది. పైగా పీసీ ఏటీలో ఈ లస్కరు చేతికి అందేది మెమొరీలో మొదటి 16 మెగాబైట్లు మాత్రమే. అందుకే లినక్స్ అటువంటి కంప్యూటర్లలో ఆ మొదటి భాగాన్ని వేరుగా గుర్తు పెట్టుకొంటుంది. వరుస దాటని చోటునే ఈ పనికి కేటాయించాలి.

మూడవ ప్రమాదం తొందరపాటు. నీళ్ళు పారుతున్న మడిలో విత్తనాలు చల్లితే కొట్టుకుపోతాయి. అట్లాగే, లస్కరు నింపుతున్న చోటును గంట మోగేదాకా ఎవరూ తాకకూడదు. ఆ చోటును మధ్యలో ఇంకొకరికి ఇచ్చివేస్తే మరీ ముప్పు. కొత్తవాడు దాచుకొన్నదాని మీద పాత చీటీ ప్రకారం సమాచారం వచ్చిపడుతుంది. లినక్స్‌లో ఒక చోటును "మ్యాప్" చేస్తే అది లస్కరు సొత్తు. "అన్‌మ్యాప్" చేశాకనే మళ్ళీ ప్రాసెసరు సొత్తు.

నాలుగవది పాత జ్ఞాపకం. ప్రాసెసరు మాటిమాటికీ మెమొరీదాకా నడవలేక, అవసరమైనవాటి నకలు తన ఒళ్ళో పెట్టుకొంటుంది. దానిని క్యాష్ అంటారు. లస్కరు మెమొరీలో కొత్త సంగతి పెట్టి పోయినా, ప్రాసెసరు ఒళ్ళోని పాత నకలు చూసి, "ఏమీ మారలేదే!" అనుకోవచ్చు. కొన్ని కంప్యూటర్లలో యంత్రమే ఈ నకళ్ళను సరిచేస్తుంది. మరికొన్నింటిలో కెర్నలే పూనుకొని, "పాతది పారేసి కొత్తది చూడు" అని చెప్పాలి.

కొత్త లస్కర్లు, కొత్త తాళాలు

ఇప్పటి కంప్యూటర్లలో డిస్కుకు, నెట్‌వర్కు కార్డుకు ఎవరి లస్కరు వారికే ఉన్నది. చీటీలు కూడా ఒక్కొక్కటిగా కాకుండా, దండలో పూసల్లాగా మెమొరీలో గుండ్రంగా పేర్చి ఉంచుతారు. లస్కరు ఒకటి ముగించి ఇంకొకటి అందుకొంటూ పోతుంది. కుడికాలువ దారిలో బుగ్గవాగు జలాశయం నీటిని కాసేపు నిలవబెట్టుకొన్నట్టే, వచ్చేదానికీ వాడుకొనేదానికీ మధ్య మెమొరీలో కొంత చోటును నిలవకు ఉంచుతారు.

అయితే, ఎవరి లస్కరు వారికి ఉంటే దొంగ లస్కరు కూడా రావచ్చు గదా? రావచ్చు. 2019లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు మరికొందరితో కలిసి ఇది చేసి చూపించారు. ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రంలో ఒక మాయదారి పరికరాన్ని దూరిస్తే, అది డీఎంఏ పద్ధతిలో లోపలి రహస్యాలను చదవగలదని వారు రుజువు చేశారు. దీనికి విరుగుడుగా ఐఓఎంఎంయూ అనే కాపలాదారును పెడతారు. ఏ లస్కరు ఏ గడులు ముట్టవచ్చునో కెర్నల్ దానికి జాబితా ఇస్తుంది. జాబితాలో లేని గడి దగ్గరికి పోతే అది అడ్డుకొంటుంది. కాని ఆ జాబితా ఎంత బిగువుగా రాస్తే కాపలా అంత బిగువు. పరిశోధకులు కనిపెట్టిన లోపాలలో చాలావరకు ఇక్కడే ఉన్నాయి: తాళం ఉన్నది, కాని జాబితా వదులుగా ఉన్నది. మళ్ళీ చీటీ రాసేవారి దగ్గరికే వచ్చామన్నమాట!

చేసి చూడండి

వామనగుంటల పీట, గుప్పెడు చింతపిక్కలు తీసుకోండి. మీరు ప్రాసెసరు, తమ్ముడో చెల్లెలో లస్కరు. మొదట మీరు ఒక్కరే పదిహేడో ఎక్కం రాస్తూ, ప్రతి వరుసకూ ఆగి ఒక పిక్కను గుంటలో వెయ్యండి. ఎంత సేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండవసారి చీటీ రాసి లస్కరు చేతికి ఇవ్వండి: ఏ గుంట మొదలు, ఎన్ని గుంటలు, పిక్కలు వెయ్యాలా, తీయాలా. "అయిపోయింది" అనేదాకా మీరు పీట వంక చూడకుండా ఎక్కం రాసుకోవాలి. లస్కరు ఏమీ అడగకూడదు, చీటీలో ఉన్నదే చెయ్యాలి.

పని ముగిశాక పీట చూడండి. పిక్కలు తప్పు గుంటలో పడితే తమ్ముడిని కసురుకోకండి. ముందు చీటీ తీసి చదవండి.

వచ్చే శివరాత్రికి మళ్ళీ ప్రభల వీడియో తీస్తారు గదా. దీపాలన్నీ వాటి వాటి చోట చక్కగా వెలుగుతూ కనిపిస్తే, సెకనుకు ఆరు కోట్ల పైచిలుకు చుక్కలకు ఎవరో చీటీ సరిగ్గా రాశారని తెలుసుకోండి.